తాళాలమ్మ తెరవలేని తాళం

భూమి సూర్యుడి చుట్టూ తిరగడానికి ఏదైనా పాస్‌వర్డ్ ఉంటే అది మా అమ్మమ్మకు తెలిసే ఉంటుంది. తెలిసినా చెప్పదు. గ్రహాలన్నీ వరసగా వచ్చి ఆవిడ గదిముందు నిలబడి బతిమాలినా కళ్ళద్దాల మీదుగా ఒక్క చూపు చూసి, "పనేంటో చెప్పండి, నేను తెరిచిస్తాను. తాళం మాత్రం నా దగ్గరే ఉంటుంది" అంటుంది. కోతలు కోస్తున్నాననుకునేవాళ్ళు మా ఇంటికొచ్చి వైఫై పాస్‌వర్డ్ అడిగి చూడండి. నేను ఆవిడ సొంత కూతురి కూతుర్ని. ఆవిడ వేలు పట్టుకుని నడక నేర్చినదాన్ని. నా ఫోన్‌లో కూడా ఆవిడే కొట్టింది, నన్ను గోడవైపు తిరగమని.

ఆస్పత్రిలో ఆవిడని అందరూ తాళాలమ్మ అనేవారు. ఇరవై రెండేళ్ళప్పుడు స్టోరు గదిలో గుమాస్తాగా చేరింది. మందుల బీరువాలు, గాజుసామాను అరలు, స్పిరిట్ గది, వెనక గేటు, అన్నిటి తాళంచెవులూ ఒకే గుత్తిగా నడుముకి వేలాడేవి. ఆ గుత్తి చప్పుడు వరండా అవతలి కొసన వినపడగానే కబుర్లాడుకునేవాళ్ళంతా ఒళ్ళు వంచి పనిచేస్తున్నవాళ్ళయిపోయేవారట. "ఏది దేనిదో చీటీలు అంటించుకోవచ్చుగా" అని ఎవరైనా సలహా ఇస్తే, "ఆ చీటీ నా ఒక్కదానికే కనపడుతుందా?" అనేది. ముప్ఫై ఒక్క తాళంచెవులు. ఒక్కదానికీ గుర్తు లేదు. కళ్ళు మూసుకుని వాటి పళ్ళు తడిమి ఏది ఏ తలుపుదో చెప్పేది.

ఆవిడకి నలభై అయిదు దాటాక ఆస్పత్రిలోకి కంప్యూటర్లు వచ్చాయి. ఆవిడ ఈడువాళ్ళంతా తలో సాకు వెతుక్కున్నారు. ఒకాయనకి అప్పటికప్పుడు నడుంనొప్పి పుట్టుకొచ్చింది, ఒకావిడకి తెర చూస్తే కళ్ళు మంటలెత్తాయి. మా అమ్మమ్మ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. నేర్పడానికి వచ్చిన ఇంజనీరు "ముందు మీకంటూ ఒక పాస్‌వర్డ్ పెట్టుకోండమ్మా" అనగానే ఆవిడ మొహం విప్పారిందట.

"అంటే, ఇనుము లేని తాళమా?"

"అలాంటిదేనమ్మా."

"జేబులోంచి జారిపోదు, తుప్పు పట్టదు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ దీన్ని?"

అంతే, ఆ రోజునుంచి కంప్యూటర్ ఆవిడకి దగ్గరి చుట్టమైపోయింది. స్టోరు గది వదిలేసి ల్యాబు వెనక రికార్డుల గదికి మారింది. అది గది అంటే గది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కిటికీ. కుర్చీకి ఒక కాలు పొట్టి, దానికింద మందులడబ్బా అట్ట నాలుగు మడతలు పెట్టి ఉండేది. కిటికీ అవతల నీళ్ళ ట్యాంకు. మధ్యాహ్నం మూడు దాటితే ట్యాంకు మీది రేకు తగిలి ఎండ నేరుగా కళ్ళల్లో కొడుతుంది. పదిహేనేళ్ళు ఆవిడ ఆ ఎండని తిట్టుకుంటూనే ఉంది గానీ బల్ల జరపలేదు. జరిపితే తెర గుమ్మంలోంచి కనపడుతుంది కదా.

ఇప్పుడు ఆవిడ చేసిన ఘనకార్యం గురించి చెప్పాలి. ఆ ఆస్పత్రిలో డయాలిసిస్ వార్డు ఒకటుంది. మూత్రపిండాలు పనిచేయనివాళ్ళు పొద్దున్నే ఆరింటికి వచ్చి మంచాలెక్కుతారు, యంత్రం వాళ్ళ రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కిస్తుంది. ముందురోజు సాయంత్రం తీసిన రక్తపరీక్షల కాగితాలు డాక్టరు చేతిలో పడితేగాని యంత్రం తగిలించరు. ఆ కాగితాలు ల్యాబు సర్వర్‌లో ఉంటాయి. ఒకప్పుడు ఎవరో ఒకరు వచ్చి, సర్వర్ తెరిచి, ఒక్కొక్కటే అచ్చు తీసి, రెండంతస్తులు ఎక్కి ఇచ్చేసరికి ఏడు దాటేది. అంతసేపూ పదహారుమంది సూదికోసం చెయ్యి చాపుకుని పడుకునేవారు.

ఇది చూడలేక మా అమ్మమ్మ యాభై ఒకటో ఏట స్క్రిప్ట్ రాయడం నేర్చుకుంది. స్క్రిప్ట్ అంటే నాకు ఆవిడ చెప్పిన అర్థం చెబుతాను. నా చదువు మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి ఇంతకంటే గొప్ప అర్థం నా దగ్గర లేదు. ఊరెళ్తూ పనిమనిషికి రాసిపెట్టే చీటీ లాంటిది. ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి, అదవకపోతే ఇది చెయ్యి. కంప్యూటర్ ఆ చీటీ చదువుకుని ఎవరూ లేకపోయినా పని కానిచ్చేస్తుంది. అమ్మమ్మ చీటీ ప్రకారం రోజూ పొద్దున్న అయిదూ నలభై అయిదుకి కంప్యూటర్ తనంతట తనే సర్వర్‌లోకి వెళ్ళి, ఆ రోజు మనుషుల కాగితాలు ఏరి, వార్డులోని ప్రింటర్‌కి పంపేస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఒక్క పూట తప్పలేదు. ఆవిడకి పిల్లలు ముగ్గురు. ముగ్గురిలో ఎవరూ ఇంత చెప్పినమాట వినలేదని మా అమ్మ ముందే అంటుంది.

ఆవిడ ఉద్యోగం ఇంకో వారంలో ముగుస్తుందనగా, ఒక శుక్రవారం తనిఖీకి ఒకావిడ వచ్చింది. చిన్న వయసు, మెత్తని గొంతు, చెప్పులు కూడా చప్పుడు చేయవు. స్క్రిప్ట్ తెరిచి చూపించమంది. అమ్మమ్మ పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించింది. తనిఖీ ఆవిడ వేలు తెరమీద జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగింది.

"ఇదేంటండీ?"

"సర్వర్ పాస్‌వర్డ్. అది లేకపోతే లోపలికి ఎలా వెళ్తుంది?"

"అక్షరాలు అక్షరాల్లానే రాసేశారే. ఈ ఫైలు తెరిచిన ఎవరైనా చదివేస్తారు. పరీక్షల కాగితాలన్నీ వాళ్ళ చేతిలో పడ్డట్టే." ఆవిడ మెల్లగా నవ్వింది. "ఇంత పెద్ద తాళం వేసి, తాళంచెవి తలుపుకే వేలాడదీశారండీ."

ముప్ఫై ఎనిమిదేళ్ళలో తాళాలమ్మని ఎవరూ ఆ మాట అనలేదు. ఎదురుగా ఉన్న ల్యాబు డాక్టరుగారు కిటికీలోంచి ట్యాంకుని చూడసాగారు.

"వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తాను. అప్పటికి ఇది మారాలి. లేకపోతే ఈ స్క్రిప్ట్ ఆపించేస్తాను. నాకు మరో దారి లేదు" అంది తనిఖీ ఆవిడ.

వచ్చే శుక్రవారమే అమ్మమ్మ ఉద్యోగానికి ఆఖరి రోజు. ఆవిడ ఇంటికెళ్ళిన మర్నాటినుంచి ఆవిడ పని కూడా ఇంటికొచ్చేస్తుందన్నమాట, పదహారుమంది మళ్ళీ ఏడింటిదాకా చేతులు చాపుకుని పడుకుంటారన్నమాట.

ఆ సాయంత్రం ఆవిడకంటే ముందే ఆ కబురు మా ఇంటికి చేరింది. అమ్మమ్మ కంచం ముందు కూర్చుని అన్నంతో గీతలు గీసింది. నేను ఊరుకుంటానా.

"అమ్మమ్మా, నాకు వైఫై చెప్పడానికి గోడవైపు తిప్పావు. అక్కడేమో సర్వర్‌ది బోర్డు కట్టావుట."

"నోరుముయ్యవే."

"తొమ్మిదేళ్ళుట."

"అప్పుడు నాకు తెలిసింది అంతే. గదికి తాళం ఉందిగా, కంప్యూటర్‌కి తాళం ఉందిగా అనుకున్నాను. స్క్రిప్ట్‌ని మనిషి అనుకున్నానే, మనిషి చెవిలో చెప్పినట్టు చెప్పాను." కంచంలో గీతలు చెరిపేసి, "అది కాగితం. కాగితానికి కడుపులో దాచుకోవడం తెలీదు" అంది.

శని ఆదివారాలు రెండూ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. ఆదివారం మధ్యాహ్నానికి కళ్ళల్లో వెలుగొచ్చింది. నాకు చెప్పకపోతే ఆవిడకి నిద్రపట్టదు కాబట్టి చెప్పింది. పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్‌లో రాయకూడదు. వేరే ఫైలులో పెట్టాలి. అది కూడా ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే అక్షరాల్ని రోట్లో వేసి రుబ్బి, ఏ అక్షరం ఏదో తెలియకుండా చేసి పెట్టాలి. స్క్రిప్ట్‌కి కావలసినప్పుడు కంప్యూటరే ఆ రుబ్బినదాన్ని మళ్ళీ అక్షరాలు చేసి ఇస్తుంది, వాడుకోగానే మర్చిపోతుంది.

"ఆ ఫైలు నేను ఎత్తుకొచ్చేస్తే?"

"ఎత్తుకురా. పొట్లం కట్టుకోవడానికి కూడా పనికిరాదు. ఏ కంప్యూటర్‌లో ఏ మనిషి లాగిన్ అయి రుబ్బారో, అదే కంప్యూటర్‌లో అదే మనిషికి తప్ప అది విప్పుకోదు."

సోమవారం ఆఫీసుకి వెళ్ళగానే ఆ పని చేసింది. తన పేరుతో లాగిన్ అయింది. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద చుక్కలే పడ్డాయి. ఫైలు తయారయింది. తెరిచి చూస్తే పిల్లి మీటలమీద నడిచినట్టు పిచ్చి అక్షరాలు. స్క్రిప్ట్‌లో పాత పంక్తి కొట్టేసి, ఆ ఫైలు చదువుకోమని రాసింది. నడిపి చూసింది, కాగితాలొచ్చాయి. మళ్ళీ నడిపింది, వచ్చాయి. మూడోసారి డాక్టరుగార్ని పిలిచి మరీ నడిపింది. ఇంటికొచ్చేటప్పుడు నాకు ఐస్‌క్రీం తెచ్చింది. అలాంటిది అంతకుముందు ఎప్పుడు జరిగిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

మంగళవారం పొద్దున్న ఆరుకి ఫోన్ మోగింది. వార్డు పెద్ద నర్సు.

"అక్కా, ప్రింటర్ మూగనోము పట్టింది. ఒక్క కాగితం లేదు."

అమ్మమ్మ ఒక కాలికి ఇంటి చెప్పు, ఇంకో కాలికి బయటి చెప్పు వేసుకుని పరుగెత్తింది. ఆస్పత్రి మా ఇంటికి రెండు వీధుల అవతల. వెళ్ళి, కూర్చుని, చేత్తో నడిపితే ఠంచనుగా కాగితాలొచ్చాయి. అప్పటికి ఆరూ నలభై. వాటిని పట్టుకుని తనే రెండంతస్తులు ఎక్కింది. మంచాలమీదివాళ్ళు కొందరు గోడగడియారం వంక చూశారు. కిటికీ పక్క మంచం పెద్దాయన మాత్రం, "ఇవాళ మీ పిల్ల నిద్రలేవలేదా అమ్మా?" అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

కిందికొచ్చి, కంప్యూటర్‌లో స్క్రిప్ట్ తనంతట తనే రాసుకునే డైరీ తెరిచింది. చేసిన ప్రతి పనీ, అవని ప్రతి పనీ అది అందులో గంటా నిమిషంతో సహా రాసుకుంటుంది. అయిదూ నలభై అయిదు దగ్గర ఒకే మాట ఉంది, ఫైలు విప్పుకోవడం లేదని. ఆ పక్కనే లాగిన్ పేరు ఉంది. అది అమ్మమ్మ పేరు కాదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. పొద్దున్నే ఆవిడ ఉండదు కదా, అందుకని తొమ్మిదేళ్ళక్రితం ఇంజనీరు ఆ ఒక్క పనికోసమే వేరే లాగిన్ పెట్టివెళ్ళాడు. మనిషి లేని లాగిన్. మనమిక్కడ దాన్ని వేకువ అనుకుందాం. స్క్రిప్ట్ నడిచేది వేకువ పేరుమీద. ఫైలు రుబ్బింది అమ్మమ్మ పేరుమీద. తను కూర్చుని మూడుసార్లు నడిపిందంటే మూడుసార్లూ తన తాళం తనే తీసుకుందన్నమాట. పొద్దున్నే వచ్చిన వేకువకి తలుపు తీసేవాళ్ళు లేరు.

తప్పు దొరికేసరికి తొమ్మిదైంది. సరిచేయడానికి పావుగంట పట్టదు. వేకువ పేరుతో లాగిన్ అయి, అందులో కూర్చుని ఫైలు కొత్తగా చేస్తే సరిపోతుంది. కానీ ఆవిడ చెయ్యలేదు.

ఎందుకంటే తొమ్మిదింపావుకి ల్యాబు డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఏమైందమ్మా?"

"నేను నడిపితే నడుస్తోంది. నేను లేకపోతే నడవడం లేదు" అంది. అబద్ధమేమీ కాదు.

డాక్టరుగారు గడ్డం గోక్కున్నారు. "అలా అయితే పై వాళ్ళతో మాట్లాడతాను. ఇంకో ఏడాది మిమ్మల్ని ఉంచమని అడుగుదాం. మీరుంటేనే అయ్యే పని అని రాస్తే కాదనరు."

వెనకనుంచి పెద్ద నర్సు కూడా అందుకుంది. "ఉండక్కా. ఇంటికెళ్ళి ఏం చేస్తావు? మనవరాలితో పోట్లాటేగా."

మీరుంటేనే అయ్యే పని. ఆ మాట ఆవిడ ఆ రోజంతా నోట్లో బిళ్ళలా చప్పరించిందని తర్వాత నాకు చెప్పింది. ముప్ఫై ఒక్క తాళంచెవులు నడుముకున్నప్పుడు కూడా ఎవరూ ఆ మాట పైకి అనలేదు. బుధవారం పొద్దున్న అయిదింటికే లేచి, తనే వెళ్ళి కూర్చుని, అయిదూ నలభై అయిదుకి తన వేలితో నొక్కింది. కాగితాలు పైకి వెళ్ళాయి. ఇలాగే ఇంకో ఏడాది నొక్కవచ్చు. కాళ్ళనొప్పులొస్తే? జ్వరమొస్తే? రాదులే అనుకుంది. ఆలోచన ఎటు పోయినా కిటికీ పక్క మంచం పెద్దాయన దగ్గరకొచ్చి ఆగింది. మీ పిల్ల నిద్రలేవలేదా, అన్నాడు. పిల్ల లేచింది. తలుపుకి అడ్డంగా తల్లే కూర్చుంది.

మధ్యాహ్నం మూడుకి డాక్టరుగార్ని పిలిచింది.

"పై వాళ్ళకి ఉత్తరం రాయకండి. తప్పు దొరికింది. నిన్ననే దొరికింది" అంది. నిన్ననే అన్న మాట మింగేయవచ్చు. మింగలేదు. డాక్టరుగారు ఆ మాట విననట్టే ఊరుకున్నారు. అందుకే ఆయనంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం.

"అయితే సరిచేసెయ్యండి."

"నేను కాదు, మీరు కూర్చోండి. పాతది తొమ్మిదేళ్ళు బయట పడుంది, ఎవరెవరు చూశారో ఏమో. ముందు సర్వర్‌కే కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. అది మీరు పెట్టండి. పొడుగ్గా, అర్థంపర్థం లేకుండా. వేకువ లాగిన్‌ది కూడా మీరే మార్చి, అందులో కూర్చుని సర్వర్ పాస్‌వర్డ్‌ని ఈ ఫైలులో కొట్టండి. ఒక కాగితంమీద రాసి, కవరులో పెట్టి అంటించి, పెద్ద డాక్టరుగారి ఇనప్పెట్టెలో పడెయ్యండి. ఎప్పుడైనా ఈ కంప్యూటర్ పాడైతే కావాలిగా."

"మీ దగ్గర దాపరికమేంటమ్మా, మీరే పెట్టండి."

"శనివారంనుంచి నేను బయటిదాన్ని డాక్టరుగారూ. బయటివాళ్ళకి చెప్పకూడదు."

తన కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టింది. పొట్టి కాలు జాగ్రత్త అని చెప్పింది. ఎక్కడ ఏం నొక్కాలో చెప్పింది. ఆయన కొట్టబోయేముందు, పదిహేనేళ్ళుగా అందరిచేతా చేయించిన పని మొదటిసారి తను చేసింది. మొహం కిటికీవైపు తిప్పుకుంది.

ట్యాంకు రేకు తగిలి ఎండ కళ్ళల్లో కొట్టింది. వెనక మీటలు టక్కుటక్కుమంటున్నాయి. చూడకూడదనుకుంది, చూడలేదు. కానీ చెవులు తిప్పుకోవడం ఎవరికొచ్చు. ఎన్ని టక్కులో లెక్కపెట్టేసింది. ఆ అంకె నాకు చెప్పింది గానీ ఇక్కడ వెయ్యడం లేదు. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

పని అయ్యాక తన పేరుతో లాగిన్ అయి, ఆ ఫైలు విప్పమంది. కంప్యూటర్ కుదరదంది. ఇంకోసారి అడిగింది. కుదరదంది. "మంచిది" అని దాని నెత్తిన ఒకటి తట్టి ఇంటికొచ్చేసింది.

గురువారం పొద్దున్న అయిదున్నరకి లేచి చూద్దును కదా, అమ్మమ్మ వంటింటి బల్ల దగ్గర ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుని ఉంది. టీ చల్లారి పైన మీగడ కట్టింది. అయిదూ నలభై అయిదైంది. ఆరైంది. ఫోన్ మోగలేదు. మోగకపోవడమే కావాలి. అయినా ఆవిడ దాన్ని రెండుసార్లు ఎత్తి, ఛార్జింగ్ ఉందా, శబ్దం ఆపి ఉందా అని చూసింది. ఆరుంపావుకి ఆగలేక తనే కొట్టింది.

"ఏమైందే?"

"ఏమవుతుందక్కా?" అవతల నర్సు కంగారుగా ఉంది. "పనిలో ఉన్నాను. ఎందుకు చేశావు?"

"కాగితాలు?"

"ఎప్పుడో వచ్చేశాయి. అందరికీ తగిలించేశాం కూడా. పెట్టెయ్యనా?"

పెట్టేసింది. అమ్మమ్మ ఫోన్ బోర్లించి, చల్లారిన టీని మీగడతో సహా తాగేసింది.

"సంతోషమేగా?" అన్నాను.

"సంతోషమే. కనీసం నా గురించి ఒక్క మాటన్నా అడగలేదు చూశావా" అంది.

శుక్రవారం తనిఖీ ఆవిడ చప్పుడు చెయ్యని చెప్పులతో వచ్చింది. స్క్రిప్ట్ అంతా వేలుపెట్టి చదివింది. పాత పంక్తి లేదు. ఫైలు తెరిచింది, పిచ్చి అక్షరాలు.

"పాస్‌వర్డ్ ఇందులోనే ఉందా? ఏదీ, ఒకసారి విప్పి చూపించండి."

"నావల్ల కాదు" అంది తాళాలమ్మ.

గుమ్మంలో నిలబడ్డ పెద్ద నర్సు నోటిమీద చెయ్యి వేసుకుంది. ఆ మాట ఆ నోట రావడం ఆస్పత్రిలో ఎవరూ విని ఉండలేదు. తనిఖీ ఆవిడ తల వంచుకుని సంతకం పెడుతూ, "నాకు కావలసింది ఇదేనండీ" అంది. తర్వాత, ఎందుకో, లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

సాయంత్రం అమ్మమ్మ కుర్చీ కాలికింద అట్ట మార్చి కొత్తది పెట్టింది. గదికి తాళం వేసి, తాళంచెవి డాక్టరుగారి చేతిలో పెట్టింది. ఇంటికొచ్చాక అలవాటుకొద్దీ రెండుసార్లు నడుము తడుముకోవడం నేను చూశాను. చూడనట్టు నటించాను.

అది జరిగి రెండు నెలలు. ఇప్పటికీ పొద్దున్న అయిదూ నలభై అయిదుకి లేచి, ఎవరూ చూడకుండా ఫోన్ వంక ఒకసారి చూసి మళ్ళీ పడుకుంటుంది. నిన్న ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. ఐస్‌క్రీం దగ్గర మూతి తిప్పింది, పెద్దాయన దగ్గర కదల్లేదు. అంతా అయ్యాక, "కిటికీవైపు తిరిగినప్పుడు ఏడ్చావా అమ్మమ్మా? ఎండని రాశాను. ఏమని ఉంచమంటావు?" అని అడిగాను.

"ఏడుపని రాసుకుంటావో ఎండని రాసుకుంటావో నీ ఇష్టం. పాస్‌వర్డ్ ఎన్నక్షరాలో ఊరంతా దండోరా వేస్తావుటే, మొద్దూ? ఆ అంకె కొట్టెయ్ ముందు."